కిటికీ రెక్కలు తెరిచిన ఆదివారం

"నేను లేనప్పుడు ఎవరొచ్చినా తలుపు తియ్యకు. అందులోనూ గౌన్లు తొడుక్కున్న మగాళ్ళకి అసలే తియ్యకు," అంది మదామ్ జినెట్, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

నాకు ఫ్రెంచి సరిగా అర్థం కాలేదేమో అనుకున్నాను. ట్యునీషియాలో, మా కెర్కెన్నా దీవి బళ్ళో నేర్చుకున్న ఫ్రెంచి వేరు, ఫ్రాన్సు ఉత్తరపు కొసన ఈ డంకెర్క్‌లో మాట్లాడే ఫ్రెంచి వేరు. ఇక్కడివాళ్ళు సగం మాట మింగేస్తారు. మిగతా సగం సముద్రపు గాలి ఎత్తుకుపోతుంది. అందుకని మళ్ళీ అడిగాను.

"గౌన్లు తొడుక్కున్న...?"

"మగాళ్ళు. కొందరికి గడ్డాలు కూడా ఉంటాయి. నెత్తిన ఈకల టోపీ, పెదాలకు రంగు. పాడుకుంటూ వస్తారు. తియ్యకు."

"సరే మదామ్," అన్నాను. ఇంకేమంటాను?

ఓడరేవుల నిర్వహణ చదవడానికి వచ్చి ఆ చలికాలం నేను ఆమె ఇంట్లో, మేడమీద గదిలో ఉండేదాన్ని. ఆమెకు డెబ్భై దాటాయి. కింద ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలోవాళ్ళ బట్టలు బిగించడం, వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం ఆమె పని. నోరు సూదికన్నా పదును. నేను వచ్చిన కొత్తలో నా కోటును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "ఇది కోటా, ఉల్లిపొరా?" అంది. మర్నాటికల్లా లోపల మందపాటి ఉన్నిగుడ్డ వేసి కుట్టి, నా మంచం మీద పడేసింది. కృతజ్ఞతలు చెప్పబోతే, "నువ్వు జబ్బుపడితే చాకిరీ చెయ్యాల్సింది నేనే కదా," అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నా రోజులు ఒక్క తీరుగా సాగేవి. పొద్దున్నే బస్సు, అడ్డంగా కొట్టే వాన, క్లాసులో కంటైనర్ల గురించి పాఠం, మధ్యాహ్నం క్యాంటీనులో గుజ్జు చేసిన బంగాళాదుంప. ఆ తర్వాత నలుగురం కలిసి చెయ్యాల్సిన ప్రాజెక్టు. అందులో ముగ్గురు గబగబా వాదించుకునేవారు, నేను తలూపేదాన్ని. నేను చెప్పదలచుకున్నది మనసులో ఫ్రెంచిలోకి కూర్చుకునేలోపు వాళ్ళు వేరే సంగతిలోకి వెళ్ళిపోయేవారు. ఆ ముగ్గురిలో ఒరియాన్ అనే అమ్మాయి మాత్రం అప్పుడప్పుడు ఆగి, "ఉండండర్రా, రిహాబ్ ఏదో అంటోంది," అనేది. అందరూ నా వైపు తిరిగేసరికి నేను చెప్పాలనుకున్నది కాస్తా మర్చిపోయేదాన్ని.

సాయంత్రం మదామ్ జినెట్‌తో కలిసి భోజనం. టీవీలో ప్రశ్నల పోటీ వచ్చేది. జవాబు తప్పు చెప్పినవాళ్ళందరినీ ఆవిడ తిట్టేది. తనది తప్పయితే టీవీని తిట్టేది. అద్దాల బీరువా మీద ఒకే ఒక ఫొటో ఉండేది. తెల్లటి అంగీ తొడుక్కుని, చేతిలో కొవ్వొత్తితో పదేళ్ళ పిల్లవాడు.

"మీ అబ్బాయా?" అని అడిగాను ఒకసారి.

"ఊఁ. లుదో. రేవులో క్రేను నడుపుతాడు. ఆ గిన్నె ఇటివ్వు."

ఆ లుదో ఎన్నడూ ఆ ఇంటికి రాలేదు.

జనవరి చివర్లో ఆవిడ వీధివైపు కిటికీ రెక్కలు మూసేసి గొళ్ళెం పెట్టింది. పట్టపగలు దీపం వేసుకుని కుట్టుకోసాగింది. అది చూసి పక్కింటి ముసలాయన ఒమేర్, కుక్కను తిప్పుకొస్తూ నన్ను ఆపాడు.

"మూసేసిందా? ప్రతి ఏడూ ఇంతే. పాపం! ఆ ఇల్లు ఒకప్పుడు చాపెల్ అమ్మా. ఊరు మొత్తం మీద అంత పేరున్న చాపెల్ ఇంకోటి లేదు. జనం గుమ్మం దాకా నిండిపోయేవాళ్ళు."

చాపెల్ అంటే నాకు తెలిసినంతలో చిన్న చర్చి. నేను ముస్లిం పిల్లని. ఇంకొకరి దేవుడి ఇంట్లో ఉంటున్నానని తెలియక ఇన్నాళ్ళూ చెప్పులేసుకుని తిరిగానే అని నాలుక కరుచుకున్నాను. ఆనాటి నుంచి ముందుగదిలోకి వట్టి కాళ్ళతో వెళ్ళేదాన్ని. మెట్లు దిగుతుంటే ఫోనులో పాట ఆపేసేదాన్ని. దేవుడి బల్ల కుట్టుమిషను ఉన్నచోటే ఉండి ఉంటుందని ఊహించుకుని, అక్కడ గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని.

కొన్నాళ్ళకు మదామ్ జినెట్‌కి ఒళ్ళు మండింది. "ఏంటే పిల్లా, పిల్లిలా తిరుగుతున్నావు? కాళ్ళు చల్లబడవూ?"

ఇక దాచలేక అడిగేశాను. "మదామ్, ఇక్కడ ప్రార్థనలు ఎప్పుడు మానేశారు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ప్రార్థనలా?"

"ఒమేర్ గారు చెప్పారు... ఇది చాపెల్ అనీ, జనం నిండిపోయేవారనీ..."

ఆవిడ నవ్విన నవ్వు నేను అంతకుముందు వినలేదు. మిషను మీదికి వంగిపోయి, కుట్టే ప్యాంటుతోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ప్రార్థనలు! ఓరి దేవుడా! కార్నివాల్ జాతర రోజుల్లో తలుపులు బార్లా తీసి, వచ్చినవాళ్ళందరికీ తిండీ తీర్థం పెట్టే ఇంటిని ఇక్కడ చాపెల్ అంటారే తింగరిదానా! ఆ గోడ దగ్గర ప్రార్థన కాదు, మా రోలాన్ నిలబడి సారా పోసేవాడు!"

ఆ పేరు నోట్లోంచి వచ్చాక నవ్వు ఆగిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుంది.

"ఆయన పోయాక మానేశాం," అని, నా పాదాల వైపు చూసి, "చెప్పులేసుకో," అంది.

మిగతా కథ ఒమేర్ చెప్పాడు. ఆమె భర్త రోలాన్ కార్నివాల్ ఊరేగింపులో పిల్లనగ్రోవి వాయించేవాడు. మూడేళ్ళ కిందట సరిగ్గా కార్నివాల్‌కి ముందు పోయాడు. సమాధి మీద పూలు వాడకముందే లుదో గౌను తొడుక్కుని, మొహానికి రంగు పూసుకుని ఊరేగింపుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తల్లి లోపల గడియ పెట్టుకుంది. ఎంత కొట్టినా తియ్యలేదు. కొడుక్కీ పట్టుదల ఎక్కువే. మళ్ళీ కొట్టలేదు.

"ఇద్దరూ ఒకే పిండిలోంచి చేసిన రొట్టెలు," అన్నాడు ఒమేర్. "రాయి తగిలినా విరగవు."

కార్నివాల్ పెద్ద ఆదివారం రానే వచ్చింది. ఆ మూడు రోజులూ మదామ్ జినెట్ లిల్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతుంది. పొద్దున్నే పెట్టె పట్టుకుని, గుమ్మంలో మరోసారి వేలు చూపించింది.

"గుర్తుందిగా? గౌన్లు..."

"మగాళ్ళు. తియ్యను మదామ్. మరి ఒరియాన్ వస్తానంది, చదువుకోడానికి."

"ఆ పిల్ల పర్లేదు. ఆడపిల్లేగా."

ఒరియాన్ చదువుకోడానికి రాలేదు. చంకలో తన నాయనమ్మ ఉన్నికోటు, చేతిలో పూలూ ఈకలూ కుట్టిన టోపీ, బారెడు కర్రకు కట్టిన రంగుల గొడుగు పట్టుకుని వచ్చింది. "డంకెర్క్‌లో చదివి కార్నివాల్ చూడలేదంటే నీ డిగ్రీ చెల్లదు. కూర్చో, మొహం ఇటు పెట్టు," అంది.

వంటింట్లో పొయ్యి మీద నా లబ్లాబి ఉడుకుతోంది. కాబూలీ శనగలు, జీలకర్ర, వెల్లుల్లి. గిన్నెలో ఎండురొట్టె తుంచుకుని, పైన ఆ వేడి చారు పోసుకుని, ఎర్రకారం ముద్ద కలుపుకుంటే మా దీవిలో చలి ఊళ్ళోంచే పారిపోతుంది. వారమంతటికీ సరిపోయేలా పెద్ద కుండతో వండడం నాకలవాటు.

ఒరియాన్ ముందుగదిలో నా మొహానికి నీలం, ఎరుపు పూస్తూ విసుక్కుంది. "ఈ దీపానికి ఏ రంగు ఎక్కడ పూస్తున్నానో తెలియట్లేదు. కాస్త వెలుతురు రానియ్." అని లేచి, గొళ్ళెం తీసి, కిటికీ రెక్కలు రెండూ వీధిలోకి తోసింది.

కార్నివాల్ ఆదివారం నాడు ఆ వీధిలో తెరిచిన కిటికీ అంటే ఏమిటో తనకీ తట్టలేదు, నాకు తెలియనే తెలియదు. బయట ఎవరో గావుకేక పెట్టారు.

"ఒరేయ్! రోలాన్ వాళ్ళ ఇల్లు తెరిచార్రోయ్!"

నిమిషంలో కిటికీ నిండా మొహాలు. ఈకల టోపీలు, బుగ్గల మీద గులాబీరంగు, దాని కింద మూడు రోజుల గడ్డం. ఒకడు పూలగౌనులో కిటికీ గట్టు మీద మోకాలు పెట్టి లోపలికి దూకాడు. వెనక ఇంకొకడు. లోపలికి దూకినవాడు మర్యాదగా వెళ్ళి తలుపు గడియ తీశాడు. జాతర గుమ్మంలోంచి పోటెత్తింది.

"ఒరియాన్! ఏం చేద్దామే?"

ఒరియాన్ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఇప్పుడింక ఏం చెయ్యలేం. చాపెల్‌లోకి వచ్చినవాళ్ళని గెంటెయ్యకూడదు."

సెమిస్టరు మధ్యలో నన్ను వెళ్ళగొడితే గది ఎక్కడ దొరుకుతుంది? కానీ ఆ సరికే ముందుగది నిండిపోయింది. వాళ్ళంతా వానలో తడిసి, చలికి ముక్కులు ఎర్రబడి, నావైపే చూస్తున్నారు. మా ఇంట్లో గుమ్మంలో నిలబడ్డ మనిషిని ముందు తిన్నావా అని అడుగుతారు, తర్వాతే ఎవరు నువ్వని అడుగుతారు. నా నోట్లోంచి అదే వచ్చింది.

"తిన్నారా?"

"లేదమ్మా!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో, బళ్ళో పిల్లల్లాగ.

లబ్లాబి వడ్డించాను. గిన్నెలయిపోతే కాఫీ కప్పుల్లో పోశాను. మొదటి ముద్దకే గడ్డమున్న ఒక భారీ పెళ్ళికూతురు కారం తగిలి ఎగిరి గంతేసి, కళ్ళు తుడుచుకుని, ఇంకో కప్పు చాపింది. కుండ ఖాళీ అవుతోందని బెంగపడుతుంటే, నీలం చుక్కల గౌను తొడుక్కున్న ఓ లావుపాటి 'ఆవిడ' నన్ను పక్కకు జరిపి వంటింట్లోకి నడిచింది. పైఅరలో వెనక దాగిన పెద్ద బాణలి దించింది. మూడో సొరుగు లాగి కత్తి తీసింది. మెట్ల కింద చీకట్లో చెయ్యి పెట్టి ఉల్లిపాయల బుట్ట లాగింది. ఏది ఎక్కడుందని నన్ను ఒక్క మాట అడగలేదు. నెలల తరబడి ఆ ఇంట్లో ఉన్నా, అంత బాణలి ఉందని నాకే తెలియదు.

"మీరు... వంట చేస్తారా?" అన్నాను.

"ఈ ఇంట్లో ఉల్లిపాయ చారే ఆనవాయితీ," అంది ఆ ఆవిడ, బొంగురు గొంతుతో, తలెత్తకుండా తరుగుతూ. ఉల్లి ఘాటుకో మరి దేనికో, కళ్ళ కింద రంగు కారిపోయింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మ వీడియోకాల్ చేసింది. తియ్యకపోతే కంగారుపడుతుందని తీశాను.

"రిహాబ్, ఆ మొహానికేమైందే? నీ వెనక ఎవరు, ఆ లావుపాటావిడకి గడ్డమేంటి?"

"కార్నివాల్ అమ్మా. అందరూ మా... మా ఇంటికొచ్చారు."

అమ్మ కాసేపు ఫోను దగ్గరగా పెట్టుకుని పరీక్షగా చూసింది. "సరే. అందరూ తిన్నారా?"

ఆ మాట నేను ఫ్రెంచిలో చెప్పగానే ఇల్లు ఎగిరిపోయేలా కేకలు. మా అమ్మకు జై అని గొడుగులు పైకెత్తారు. దీపం గ్లోబు వేలాడుతూ ఊగింది. ఎవరో డోలు అందుకున్నారు. అప్పటికి నాకూ భయం పోయింది. గుక్క తిప్పుకోకుండా ఫ్రెంచి మాట్లాడుతున్నాను, తప్పో ఒప్పో ఎవరికి పట్టింది? మా ప్రాజెక్టు జట్టు ముందు నోరు పెగలనిదాన్ని, గులాబీరంగు గౌనులోని ఒక పోలీసాయనతో ఆక్టోపస్‌ను మట్టికుండల్లో ఎలా పడతామో చేతులు తిప్పుతూ చెబుతున్నాను.

అకస్మాత్తుగా గుమ్మం దగ్గర నుంచి నిశ్శబ్దం మొదలై, గదిలోకి పాకి, వంటిల్లు దాకా వచ్చింది.

మదామ్ జినెట్ చేతిలో పెట్టెతో నిలబడి ఉంది. రైళ్ళు సమ్మె. తిరిగి రావడానికి బస్సు లేదు, వీధులన్నీ జనం. వానలో స్టేషను నుంచి నడిచి వచ్చింది. నెత్తిమీంచి నీళ్ళు కారుతున్నాయి.

నన్ను చూసింది. నీలం, ఎరుపు మొహంలో నన్ను గుర్తుపట్టింది. "నేను నీకు చెప్పిందేంటి?"

"తలుపు తియ్యలేదు మదామ్," అన్నాను. "కిటికీ తీశాం."

ఎవరో కిసుక్కున నవ్వి, నోరు నొక్కుకున్నారు. ఆవిడ నన్ను దాటుకుని వంటింట్లోకి వచ్చింది. వాళ్ళంతా గోడలకు అతుక్కుని దారి ఇచ్చారు. నీలం చుక్కల గౌను పొయ్యి వైపు తిరిగి, వీపు మాత్రం చూపిస్తూ నిలబడి ఉంది. కత్తి ఆగిపోయింది.

మదామ్ జినెట్ బాణలిలోకి తొంగిచూసింది. "ఇంత లావు ముక్కలా? నేనిలా నేర్పానా?"

ఆవిడ చూపు నెమ్మదిగా కిందికి దిగింది. గౌను అంచు ఒకవైపు ఊడి, తడి నేల మీద జీరాడుతోంది.

"ఎవరు కుట్టారది?"

"నేనే," అన్నాడు లుదో.

"తెలుస్తూనే ఉంది. స్టూలెక్కు."

నలభై ఏళ్ళ క్రేను డ్రైవరు, ఈకల టోపీ పైకప్పుకు తగులుతుంటే మెడ వంచుకుని, స్టూలెక్కి నిలబడ్డాడు. ఆవిడ తడికోటైనా విప్పకుండా ముందుగదిలోకి వెళ్ళి సూదీదారం తెచ్చింది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, వంగి, అంచు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా," అన్నాడు లుదో పైనుంచి. "ఊరేగింపుకు వెళ్ళమని నాన్నే అన్నాడు, పోయేముందు. ఆస్పత్రిలో. నేను పోయినా ఆగకండిరా అన్నాడు."

"కదలకు," అంది ఆవిడ సూదుల మధ్య నుంచి. ఒక్కొక్క సూదే తీసి గుడ్డకు గుచ్చింది. ఆఖరిది తీశాక అప్పుడు అంది, "తెలుసు. పక్కనే ఉన్నాను, విన్నాను."

"మరి?"

"వెళ్ళినందుకు కాదురా. నన్ను రమ్మనలేదు. సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చున్నాను, పిలుస్తావని."

లుదో పెదాల రంగు వణికింది. స్టూలు మీద అటూ ఇటూ చూశాడు, క్రేను మీంచి కింద ఏదో జారిపడిపోయినట్టు. ఆవిడ దారం పళ్ళతో తెంపింది.

"అమ్మా, వస్తావా?"

"ఈ బట్టలతోనా?" అంది మదామ్ జినెట్.

ఇంటి కప్పు ఎగిరిపోయిందనే అనుకున్నాను. ఒమేర్ ఎప్పుడొచ్చాడో ఏమో, గోడ దగ్గర నిలబడి బాహాటంగా ఏడుస్తూ, నా లబ్లాబి తాగుతున్నాడు. ఆవిడ మేడమీదికి వెళ్ళి ఊరేగింపుల్లో రోలాన్ వేసుకునే పసుపుపచ్చ వానకోటు తొడుక్కుని దిగింది. అది మోకాళ్ళు దాటి వేలాడుతోంది. ఒరియాన్ ముందు కూర్చుని మొహం ఎత్తి, "బుగ్గలకు పూయి. గట్టిగా పూయి, ముడతల్లోకి వెళ్ళాలి," అంది. తర్వాత నావైపు తిరిగింది. "నీ సంగతి బుధవారం మాట్లాడతాను."

"సరే మదామ్."

"ఆ శనగల చారు కొంచెం మిగిలిందా?"

మిగల్లేదు. ఆవిడకి లావు ముక్కల ఉల్లిపాయ చారే పోశాను. చివరి చుక్క దాకా తిడుతూనే తాగింది.

సాయంత్రం అందరం వీధిన పడ్డాం. నగరసభ మేడ కింద ఇసకేస్తే రాలనంత జనం. పైనుంచి మేయరు పొగబెట్టిన చేపలు విసురుతున్నాడు. మా దీవిలో చేపలు కిందనుంచి పైకి వస్తాయి, ఇక్కడ మేడమీంచి కిందికి రాలుతున్నాయి. మదామ్ జినెట్ ఒక దెబ్బకు గొడుగు తిరగేసి పట్టింది. అందులో రెండు పడ్డాయి. "చూశావా, మర్చిపోలేదు!" అని అరిచింది, ఎవరితోనో నాకు తెలియదు.

వాన ఆగింది. పిల్లనగ్రోవులూ డోళ్ళూ నెమ్మదిగా నడుస్తున్నంతసేపు మేమూ చెయ్యీ చెయ్యీ మెలేసి, వరుసలు కట్టి నడిచాం. ఒక పక్క ఆవిడ, ఒక పక్క లుదో, మధ్యలో నేను. ఆ వాయిద్యం చటుక్కున ఆగింది. ముందు వరుసల్లోవాళ్ళు వెనక్కి తిరిగి మోకాళ్ళు వంచారు.

"ఇప్పుడేమవుతుంది?" అన్నాను.

"బాకాలు మోగుతాయి. వెనకవాళ్ళు ముందుకు తోస్తారు, ముందువాళ్ళు వెనక్కి తోస్తారు," అన్నాడు లుదో.

"మధ్యలోవాళ్ళు?"

"మనమే," అంది మదామ్ జినెట్. నా చెయ్యిని చంకలో ఇంకా గట్టిగా ఇరికించుకుంది. "భయమేస్తోందా?"

"వేస్తోంది."

"వెయ్యాలి మరి. పాడు!"

"పాట రాదు మదామ్!"

"ఎవడికొచ్చు? గట్టిగా అరువు!"

బాకాలు మోగాయి. ఊరంతా ఒక్క అలై వచ్చి మా వీపులకు తగిలింది. నా కాళ్ళు నేల వదిలేశాయి. ఇటు ఆ తల్లీ, అటు ఆ కొడుకూ బిగబట్టి ఉంటే, నేను ఎక్కడా ఆనకుండా గాలిలో నిలబడి, గొంతు చించుకుని అరబ్బీలో అరుస్తున్నాను. నా పక్కన మదామ్ జినెట్ కూడా ఒక్క ముక్క అర్థం కాకుండానే, నేను అరిచిందల్లా తిరిగి అరుస్తోంది.